పొరలమ్మ పొరపాటు

ఆవిడ నోట్లో నువ్వు గింజ నానదని మా ప్రయోగశాలలో అందరికీ తెలుసు. నానకపోవడమే కాదు, బయటికి ఉమ్మేటప్పుడు ఎదురుగా ఎవరున్నారో కూడా చూసుకోదు. డైరెక్టరైనా ఒకటే, గేటు దగ్గర కాపలావాడైనా ఒకటే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వాక్యూమ్ పంపును చంకనెత్తుకుని, నూనె కారుస్తూ ఆవిడ గదిలోంచి నడిచాను. ఆవిడ తలెత్తకుండానే, "ఏం తమ్ముడూ, జలుబు పంపుకా, నీకా? ఎవరికైతేనేం, ముక్కు తుడిచి తీసుకురా," అంది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆవిడ పక్క గదిలోనే పంపులు బాగుచేశాను. ఆవిడను అసలు పేరుతో ఎవరూ పిలవగా వినలేదు. అందరికీ పొరలమ్మే.

పొరలు చేయడం ఆవిడ ఉద్యోగం. తెల్లటి ప్లాస్టిక్ పొడిని మరిగే ద్రావకంలో కరిగించాలి. దాన్ని గాజు పలక మీద పోయాలి. ద్రావకం ఎగిరిపోయాక మిగిలిన పొరను నీళ్లలోకి జార్చి, తేలుతుండగా అల్యూమినియం చట్రం మీదికి ఎత్తాలి. తలవెంట్రుక మందాన్ని ఇరవై భాగాలు చేస్తే అందులో ఒక భాగం మందం ఉంటుంది ఆ పొర. పక్కన నిలబడి తుమ్మితే చిరుగుతుంది. అందుకే ఆవిడ గది తలుపు మీద 'తుమ్మేవాళ్లు బయటే తుమ్మి రావాలి' అని రాసి ఉండేది.

ఈ పనికి ముందు ఆవిడ ఒక ఫోటో స్టూడియోలో బొమ్మల మీద మెరుపు పొర అంటించేది. అందరి చేతుల్లోనూ ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది. ఇక్కడ ఇంటర్వ్యూలో ఒక తొట్టి, ఒక చట్రం ఇచ్చి, తేలుతున్న పొరను ఎత్తమన్నారట. ముందు వచ్చిన ముగ్గురూ చింపేశారు. ఆవిడ ఎత్తింది. ఎత్తుతున్నంత సేపూ ఆ పొరను అమ్మనా బూతులు తిట్టిందనీ, ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఆ తిట్లన్నీ తమకే అనుకుని హడలిపోయి ఉద్యోగం ఇచ్చారనీ ఆవిడే చెప్పేది.

ఆ పొరలు దేనికో చెబితేగాని మిగతా కథ సాగదు. మామూలు హైడ్రోజన్ కేంద్రకంలో ఒకే ఒక ప్రోటాన్ ఉంటుంది, బ్రహ్మచారిలా. బరువు హైడ్రోజన్‌లో ఆ ప్రోటాన్‌కి ఒక న్యూట్రాన్ తోడుంటుంది. ఆ కాపురం మహా వదులు. బయటినుంచి ఎవరైనా గట్టిగా తగిలితే విడిపోతుంది. మా వాళ్లకు కావలసింది ఆ వదులుతనమే.

మా వాళ్లు పరీక్షించాలనుకున్నది ఒక జాతి తగరాన్ని. డబ్బాలకు పూత పూసే బుద్ధిమంతురాలైన తగరం కాదు. యంత్రంలో పుట్టి, సెకను తిరిగేసరికి ఇంకోటిగా మారిపోయే తగరం. దానికొక న్యూట్రాన్ ఇస్తే పుచ్చుకుంటుందా, పుచ్చుకుంటే ఎక్కడ కూర్చోబెట్టుకుంటుంది అన్నది ప్రశ్న. నక్షత్రాలు బద్దలయ్యేటప్పుడు బంగారం లాంటి లోహాలు ఎలా పుడతాయో దీన్నిబట్టి తెలుస్తుందట. చిక్కెక్కడంటే, తగరాన్ని పలకగా పోత పోద్దామంటే పోసేలోపే పోతుంది. పోనీ న్యూట్రాన్లనే పోగుచేసి ఒకచోట పెడదామంటే, విడిగా ఉన్న న్యూట్రాన్‌కి కూడా పావుగంటే ఆయుష్షు.

"ఇద్దరూ ఇంటిపట్టున ఉండరు. వీళ్లకి నేను సంబంధం కుదర్చాలి," అనేది పొరలమ్మ.

కుదిర్చే పద్ధతి ఇది. తగరాన్ని తుపాకీ గుండులా విసిరి, బరువు హైడ్రోజన్‌తో చేసిన ప్లాస్టిక్ పొర గుండా పంపుతారు. దారిలో అది న్యూట్రాన్‌ని ఎగరేసుకుపోతుంది. తోడు పోగొట్టుకున్న ప్రోటాన్ వెనక్కి ఎగిరివచ్చి డిటెక్టరుకు తగులుతుంది. అది ఎంత జోరుగా తగిలిందో కొలిస్తే, న్యూట్రాన్ వెళ్లి ఏ మెట్టు మీద కూర్చుందో లెక్కకట్టవచ్చు.

ఆ లెక్కలు కట్టేవాడు ఆవిడ వియ్యంకుడు. వియ్యంకుడు కాకముందు పదేళ్లుగా ఆయన పై అంతస్తులో సిద్ధాంతాల విభాగంలో ఉండేవాడు. మేం లెక్కలాయన అనేవాళ్లం. కాగితం మీద తేలిన విషయాన్ని మళ్లీ యంత్రం పెట్టి చూడటం ప్రకృతిని అనుమానించడమేనని ఆయన నమ్మకం. వరండాలో ఎదురుపడితే పొరలమ్మ, "ఏమండీ, ఇవాళ దేన్ని చూడకుండానే కనిపెట్టారు?" అనేది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ పక్కకి తప్పుకునేవాడు. అలాంటిది ఆవిడ కూతురికీ, ఆయన కొడుక్కీ పళ్ల డాక్టరు దగ్గర వరసలో కూర్చుని ఉండగా పరిచయమైంది. ఆర్నెల్లకు పెళ్లయింది. "ఊళ్లో ఇంకెవరికీ పళ్లు పుచ్చలేదుటే?" అని కూతుర్ని అడిగిందట. అప్పటినుంచి ఆయన ఆవిడకు అన్నయ్యగారు, ఆవిడ ఆయనకు చెల్లెమ్మగారు అయ్యారు. వరస మారింది గాని వాగ్వాదం మారలేదు. 'గారు' తగిలించాక తిట్లకు ఇంకాస్త పదును వచ్చింది.

తగరం గురించి లెక్కలాయన ఏనాడో తేల్చేశాడు. ఈ జాతి తగరం న్యూట్రాన్‌ని ముట్టుకోదు, ముట్టుకున్నా లెక్కలోకి రానంత తక్కువ అని. మిగతా సిద్ధాంతాల వాళ్లు నవ్వారు. ప్రయోగానికి నాయకురాలైన కెప్టెన్ మాత్రం నవ్వలేదు. ఆవిడ పొడుగ్గా, నిమ్మళంగా ఉంటుంది, రేయింబవళ్లు యంత్రాన్ని నడిపిస్తుంది కాబట్టి కెప్టెన్ అయింది. "చూసి చెబుదాం," అని యంత్రం మీద సమయం కేటాయించుకుంది.

సరిగ్గా ఆ నెలలోనే భద్రతాధికారి తనిఖీకి వచ్చాడు. పొరలమ్మ బీరువాలో రెండు సీసాలున్నాయి. ఒకదాంట్లో బరువు హైడ్రోజన్ ప్లాస్టిక్ పొడి, రెండోదాంట్లో చేయి తిరగడానికి వాడే మామూలు ప్లాస్టిక్ పొడి. రెండూ తెల్లగా పిండిలా ఒకేలా ఉంటాయి. మొదటిదాని మీద 'బొద్దమ్మ' అనీ, రెండోదాని మీద 'బక్కమ్మ' అనీ రాసుకుంది ఆవిడ. భద్రతాధికారి కళ్లు పెద్దవి చేశాడు.

"ఇవేం పేర్లండీ? శాస్త్రీయ నామాలు రాయాలి."

"మీ పేరు శాస్త్రీయంగా ఏమిటి నాయనా?"

"అమ్మా, నిబంధన నిబంధనే."

ఆయన ముద్రించిన చీటీలు చేతిలో పెట్టి, ఎదురుగా నిలబడి అంటించమన్నాడు. ఆవిడ పాతవి బరబరా పీకి, ఆయన్నీ, ఆయన్ని కన్నవాళ్లనీ, చీటీల జిగురునీ కలిపి తిడుతూ కొత్తవి అంటించింది. కోపంలో అంటించిన చీటీ ఎక్కడ పడుతుందో చీటీకీ తెలియదు, అంటించిన చేతికీ తెలియదు.

ప్రయోగం మొదలైంది. పొరలమ్మ ఎత్తి ఇచ్చిన పొరను యంత్రం లోపలి చిన్న గదిలో బిగించారు. గాలి తోడేశాం. తగరం వచ్చింది, పొర గుండా వెళ్లింది. వెనకవైపు డిటెక్టర్లలో ప్రోటాన్ల జాడ లేదు. అడపాదడపా ఏదో ఒకటి దారితప్పి వచ్చింది తప్ప, రావలసిన చోట ఖాళీ. మొదటి రోజు యంత్రాన్ని అనుమానించారు. మర్నాడు ఒకళ్లనొకళ్లు అనుమానించుకున్నారు. ఆ తర్వాత, లెక్కలాయన చెప్పింది నిజమేనేమో అన్న ఆలోచన మెల్లగా పాకింది.

ఆయన సంబరం చూడాలి. జన్మలో ఎవరికీ మంచినీళ్లయినా పోయని మనిషి, క్యాంటీన్‌లో కనిపించినవాళ్లందరికీ కాఫీ ఇప్పించాడు. కొత్త జంట ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు వియ్యపురాలికి ఉప్పు అందిస్తూ, "చూశారా చెల్లెమ్మగారూ, చూడకుండా కనిపెట్టాను," అన్నాడట. ఆవిడకి ముద్ద దిగలేదు. అయినా ఆయన ఓ మాట ఎక్కువన్నాడని అలిగే మనిషి కాదు. "పోన్లే, ముసలాడికి ఒక్కసారైనా లాటరీ తగలొద్దూ," అంది నాతో.

ఆ మాట అన్న మర్నాడు మధ్యాహ్నం మేమిద్దరం ఆవిడ గదిలో టీ తాగుతున్నాం. పై వాళ్ల కబుర్లు కింద వాళ్లకి చేరవేయడం నా అలవాటు, అందులో నాకు సిగ్గు లేదు.

"అక్కా, పక్కనున్న డిటెక్టరు ముసలిదైపోయిందట. తగరం గుద్దితే పక్కకి ఎగిరే హైడ్రోజన్‌ని పట్టుకునేది చూడు, అది. ఉండాల్సిన జోరులో సగమే చూపిస్తోందట. వీళ్లు గెయిన్, అదే సంకేతాన్ని పెద్దది చేసే మీట, రెట్టింపు చేసి సర్దేశారు."

ఆవిడ కప్పు కింద పెట్టింది. "సగమా? కాస్త అటూఇటుగా సగమా, సరిగ్గా సగమా?"

"సరిగ్గా సగమే. అదే వింతగా ఉందంటున్నారు."

 ఒకే గుద్దుకి ఎగిరేటప్పుడు, బరువు సగముంటే జోరూ సగమే ఉంటుంది. బరువు హైడ్రోజన్ బరువులో మామూలు హైడ్రోజన్ సరిగ్గా సగం. ఆవిడ లేచి బీరువా తీసింది. వాడగా మిగిలిన పొర ముక్కను చిన్న ఉండలా నలిపింది. గాజు గ్లాసులో నీళ్లు పోసి, సబ్బు చుక్క వేసి, ఉండను గరిటెతో లోపలికి ముంచి వదిలింది.

పొరగా ఉన్నప్పుడు ఏదైనా నీటి మీద తేలుతుంది, అందుకే చేసేటప్పుడు తేడా తెలియలేదు. ఉండచేసి ముంచితే మాత్రం బరువు ప్లాస్టిక్ మునుగుతుంది, మామూలు ప్లాస్టిక్ తేలుతుంది. మా ఉండ టపీమని పైకొచ్చింది. 'మామూలు' అని చీటీ ఉన్న సీసాలోంచి చిటికెడు కరిగించి, ఆరబెట్టి, అలాగే ఉండ చేసి వేసింది. అది రాయిలా అడుక్కి పోయింది.

"బక్కమ్మని పంపించాన్రా," అంది. ఆవిడ నన్ను 'రా' అనడం అదే మొదలు. "బొద్దమ్మ పేరు పెట్టి బక్కమ్మని పంపించాను. చీటీ నేనే అంటించాను, నా చేత్తో."

"ఎవరికీ తెలియదుగా అక్కా," అన్నాను. నా బుద్ధి అంతే.

ఆవిడ నన్ను తిట్టలేదు. అందుకే భయమేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో తర్వాత ఆవిడే చెప్పింది. భర్త సిటీ బస్సు నడుపుతాడు, మాటకు పిసినారి. ఆవిడ వంట మాడ్చి, మాడిందే వడ్డించి, విషయమంతా ఏకరువు పెట్టింది. చెబితే ఉద్యోగం పోవచ్చు. దానికన్నా, వియ్యంకుడి ముచ్చట నలుగురిలో మంటగలుస్తుంది. కక్షకొద్దీ చేసిందంటాడు. మధ్యలో కూతురి కాపురం ఉంది. చెప్పకపోతే తప్పుడు మాట లోకంలో స్థిరపడుతుంది. భర్త మాడిన ముద్ద నములుతూ అంతా విన్నాడు.

"దారి తప్పినప్పుడు బస్సు వెనక్కి తిప్పాల్సిందే. తిప్పితే జనం తిడతారు. నీకు తిట్టడమే అలవాటుగాని తిట్టించుకోవడం లేదు. అంతకుమించి ఏముంది?"

"మీకేం, మీ బస్సులో వియ్యంకులు ఎక్కరుగా," అని ఆవిడ కంచం లాగేసుకుంది.

మర్నాడు పొద్దున పెద్ద హాల్లో సమావేశం. పక్క ప్రయోగశాలల నుంచి అతిథులు వచ్చారు. లెక్కలాయన కొత్త చొక్కా వేసుకుని బోర్డు ముందు నిలబడి, తగరం ఎందుకు నిరాకరించిందో వివరిస్తున్నాడు. పొరలమ్మ ఒక చేత్తో నీళ్ల గ్లాసు, ఇంకో చేత్తో రెండు ఉండలున్న చిన్న గిన్నె పట్టుకుని నేరుగా ముందుకు నడిచింది. వెనక నేను, తేలు కుట్టిన దొంగలాగా.

"అన్నయ్యగారూ, ఆ సుద్దముక్క కింద పెట్టండి."

"చెల్లెమ్మగారూ, ప్రశ్నలు చివర్లో."

"ప్రశ్న కాదండీ, జవాబు. మీరు కొట్టించిన పొరలో బరువు హైడ్రోజన్ లేదు. చీటీలు తారుమారు చేసి, మామూలు ప్లాస్టిక్‌తో పొర చేసి ఇచ్చాను. తప్పు నాది. మీ తగరం న్యూట్రాన్‌ని వద్దనలేదు, దానికి అసలు ఎవరూ ఇవ్వలేదు. ఖాళీ కంచం ముందు పెట్టి, వచ్చినవాడికి ఆకలి లేదని రాసుకున్నాం."

గ్లాసు బల్ల మీద పెట్టి ఉండలు వేసింది. ఒకటి తేలింది, ఒకటి మునిగింది. అతిథుల్లో ఒకాయన మెడ సాచి చూసి, "ఓహో," అన్నాడు. ఆ ఓహోతో లెక్కలాయన మొహం కందగడ్డయింది.

"ఇది కావాలని చేసిన పని! పెళ్లినాటి నుంచీ మేం ఈవిడకి కంట్లో నలుసులం. నా పేరు పైకి రావడం చూడలేక..."

"మీ పేరు ఆపాలనుంటే ఇవాళ నోరు మూసుకునేదాన్ని. ఇంకో ఏడాదికి ఎవరో మళ్లీ కొలిచి మిమ్మల్ని అడ్డంగా కడిగేసేవాళ్లు. అప్పుడు నేను కాఫీ తాగుతూ చూసేదాన్ని," అంది.  

కెప్టెన్ నెమ్మదిగా లేచింది. "పక్క డిటెక్టరు సగం చూపిస్తే గెయిన్ రెట్టింపు చేసిందెవరు?"

హాల్లో అందరికీ ఒక్కసారిగా తమ బూట్ల మీద ఆసక్తి పుట్టింది.

"చేయమన్నది నేనే," అని కెప్టెనే జవాబు చెప్పుకుంది. "అది నిజం చెబుతుంటే ముసలిదైపోయిందన్నాను. పొరలమ్మగారూ, యంత్రం ఇంకా మన చేతుల్లోనే ఉంది. కొత్త పొర ఎప్పటికి ఇస్తారు?"

"తిట్టడం పూర్తయితే ఇప్పుడే వెళ్తాను."

"తిట్లు తర్వాత. ముందు పొర."

ఆ రోజు ఆవిడ చేతిలో మొదటి పొర చిరిగింది. రెండోదీ చిరిగింది.  కెప్టెన్ గుమ్మంలో నిలబడి ఉంది. "అమ్మా, నువ్వు చూస్తుంటే ఇది సిగ్గుపడుతోంది, అటు తిరుగు," అంది పొరలమ్మ. కెప్టెన్ గోడవైపు తిరిగింది. నేనూ తిరిగాను. వెనక నుంచి బూతుల ప్రవాహం మొదలైంది. ఆ ప్రవాహం మధ్యలో మూడో పొర చట్రం ఎక్కింది.

మళ్లీ గాలి తోడాం, మళ్లీ తగరం వచ్చింది. పక్క డిటెక్టరు గెయిన్‌ని పాత చోటికి తెస్తే, అది ఉండాల్సిన చోటే చూపించింది. ఇక వెనక డిటెక్టర్లలో ప్రోటాన్లు చినుకుల్లా పడటం మొదలైంది. ముందు ఒకటీ అరా, సాయంత్రానికి తెర మీది గ్రాఫులో ఒక గుట్ట. ఆ గుట్ట లెక్కలాయన సిద్ధాంతానికి సమాధే. మర్నాటికి దాని పక్కన ఇంకో చిన్న గుట్ట లేచింది. అక్కడొక మెట్టు ఉంటుందని ఆయనా చెప్పలేదు, ఆయన్ను చూసి నవ్వినవాళ్లూ చెప్పలేదు.

ఆయన కంప్యూటరు ముందు స్టూలు మీద కూర్చుని ఆ రెండో గుట్టనే చూస్తున్నాడు. పొరలమ్మ అటుగా వచ్చింది.

"ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు, ఎవరితోనో తెలియనట్టు.

"నన్నడిగితే? నేను చేసింది పొర, ప్రోటాన్లు కాదు."

ఆయన లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎన్నో నెలలు వాళ్లింటి గడప తొక్కలేదు. మనవరాలు పుడితే ఆస్పత్రిలో ఇద్దరూ ఉయ్యాలకి చెరోవైపు నిలబడి, పాపతో మాత్రమే మాట్లాడారట.

ప్రయోగశాల ఆవిడకి మందలింపు ఇచ్చింది, బీరువా తాళం చెవి తీసుకుంది. పొడి కావాలన్నప్పుడల్లా భద్రతాధికారి వచ్చి బీరువా తెరిచి, ఆవిడ తూచుకున్నంత సేపూ నిలబడేవాడు. ఆవిడకు అంతకన్నా పెద్ద శిక్ష ఇంకొకటి ఉండదు. పత్రిక కోసం రాసిన వ్యాసంలో 'సాంకేతిక కారణాల వల్ల తొలి కొలతలను పరిగణించలేదు' అని రాశారు. ఆవిడ కెప్టెన్ గదికి వెళ్లి గొడవపెట్టుకుంది. "సాంకేతిక కారణం అంటే ఎవరమ్మా? నాకు రెండు కాళ్లూ ఒక నోరూ ఉన్నాయి. నేను చీటీ తప్పు అంటించాననీ, మీరు కళ్లు మూసుకుని రెట్టింపు చేశారనీ రాయండి." రాయలేదు. పెద్ద వ్యాసాల్లో తప్పులకి మనుషులుండరు.

లెక్కలాయన మాత్రం ఆ రెండో గుట్టను వదల్లేదు. పాత లెక్కలు చించేసి మొదటినుంచీ మొదలుపెట్టాడని పై అంతస్తు కబురు. ఒక ఆదివారం పొద్దున, చేతిలో ద్రాక్షపళ్ల సంచితో పొరలమ్మ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. తలుపు తీసిన ఆవిడ లోపలికి రమ్మనకుండా అలాగే నిలబడింది.

"చెల్లెమ్మగారూ, మూడో హైడ్రోజన్ కావాలి."

ప్రోటాన్‌కి ఒకటి కాదు, రెండు న్యూట్రాన్లు తోడుండే హైడ్రోజన్ అది. దానంతటదే నెమ్మదిగా క్షయమవుతూ ఉంటుంది, రేడియోధార్మికం. పల్చని టైటానియం రేకులోకి ఎక్కించి తెస్తారు. ఆ రేకుని మూసిన పెట్టెలోపల, మందపాటి తొడుగుల్లోంచి చేతులు పెట్టి చట్రానికి బిగించాలి. తగరం ఒకేసారి రెండు న్యూట్రాన్లు పట్టుకుపోతుందా అన్నది ఆయన కొత్త ప్రశ్న.

"ఈసారి కూడా చూడకుండానే తేల్చేశారా?"

"లేదు. నాకు తెలియదు," అన్నాడాయన. "అందుకే వచ్చాను. ఆరోజు మీరన్నది నిజం. ఏడాది తర్వాత బయటపడి ఉంటే నేను తలెత్తుకోలేకపోయేవాణ్ణి. ఆ మాట చెప్పడానికి ఇన్నాళ్లు పట్టింది. చెప్పేశాను. ద్రాక్షపళ్లు పుల్లగా ఉన్నాయి, ముందే చెబుతున్నాను."

ఆవిడ సంచి అందుకుని పక్కకి తప్పుకుంది. "కక్ష అన్నారు నన్ను, నలుగురిలో."

"అన్నాను."

"కూర్చోండి. తినేదాకా ఇంకో మాట అనకండి, మళ్లీ నాకు కోపం వస్తుంది."

మూడో హైడ్రోజన్ ముట్టుకునేవాళ్లే కాదు, ఆ ప్రయోగంలో ఉన్నవాళ్లంతా భద్రతా శిక్షణకు కూర్చోవాలన్నారు. పాఠం చెప్పింది మన చీటీల భద్రతాధికారే. వియ్యంకులిద్దరూ వెనక బెంచీలో కూర్చుని గుసగుసలాడుతుంటే ఆయన రెండుసార్లు మందలించాడు. పరీక్షలో లెక్కలాయన ఒక ప్రశ్నే తప్పని వాదిస్తూ నాలుగు పేజీలు రాసి తప్పాడు. పొరలమ్మ ఆ నాలుగు పేజీలు పక్కనుంచి చదువుతూ తనది రాయడం మరిచిపోయి తప్పింది. రెండోసారి ఇద్దర్నీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టాక గాని గట్టెక్కలేదు.

ప్రయోగం సాఫీగా జరిగింది. కాని ఈ రకం కొలతల్లో జవాబు వెంటనే తేలదు. గుట్టలు వేరుచేసి, చెత్త ఏరి, మళ్లీ మళ్లీ సరిచూసేసరికి ఏడాది దాటింది. ఈలోగా పొరలమ్మ రిటైరైంది. జవాబు తేలిన రోజున లెక్కలాయన వాళ్లింటికి ఫోన్ చేశాడు. నేను ఆ వేళ వాళ్ల నీళ్ల మోటారు బాగుచేస్తూ అక్కడే ఉన్నాను. ఆవిడ తడిబట్టలు ఆరేస్తోంది. భర్త ఫోన్ తెచ్చి ఆవిడ చెవి దగ్గర పట్టుకున్నాడు. అవతలివైపు గొంతు నా దాకా వినిపించేంత గట్టిగా ఉంది.

"చెల్లెమ్మగారూ, తీసుకుంది! రెండూ తీసుకుంది!"

"రెండూనా?" అంది పొరలమ్మ, దుప్పటి దులుపుతూ. "సెకనుకి మించి బతకని దానికి ఎంత కక్కుర్తండీ!"